పహిల్వాను లేచి నడవలేదు

మా వార్డులో కొత్తగా చేరిన అటెండరుకు మొదటి రోజే నేర్పే పాఠం ఒకటుంది. వెన్నెముక దెబ్బతిని, నడుము కింద స్పర్శ పోయిన మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చాలి. మనకైతే ఒళ్ళు నొప్పెట్టగానే నిద్రలోనే అటు తిరిగి పడుకుంటాం. వాళ్ళకు నొప్పి తెలియదు. ఒకే చోట బరువు పడి చర్మం నలుగుతుంది, నల్లబడుతుంది, పుండవుతుంది. ఆ పుండు ఎముక దాకా దిగితే మనిషే దక్కడు.

ఈ పాఠం నేను ఎందరికో నేర్పాను. అదే పాఠాన్ని ఒకసారి నా నోటితో నేనే చెడగొట్టాను. ఇప్పుడు రిటైరయ్యాను. ఈ పనిలోకి వచ్చే చిన్నవాళ్ళకు ఉపయోగపడుతుందని అది రాస్తున్నాను. ముందే ఒక మాట. ఇది తలవంచుకుని చెప్పే కథ కాదు. నా తప్పు ఎంతో అంతా చెప్తాను. కానీ ఆ వార్డులో పనిచేశానని చెప్పుకోవడానికి నాకు ఈనాటికీ ఛాతీ పొంగుతుంది.

అప్పట్లో దేశంలోకి కొత్త కంపెనీలొస్తున్నాయని పేపర్లు రాస్తుండేవి. వేలూరులో సందు సందుకూ ఎస్టీడీ బూత్ వచ్చింది. లాడ్జిలు, మేడలు లేచాయి. మేడలు లేచినకొద్దీ మా వార్డుకు మేస్త్రీలు రావడం ఎక్కువైంది. ఒకప్పుడు తాటిచెట్టు మీది నుంచీ బావిలోకీ పడ్డవాళ్ళు వచ్చేవారు. ఇప్పుడు మూడో అంతస్తు మీది నుంచి పడ్డవాళ్ళు. మా కేంద్రం పేరు అక్కర్లేదు. ఊరి చివర, కొండ కింద ఉండేది. మూడు నెలలుంచుకుని, కాళ్ళు లేకపోయినా చేతులతో ఎలా బతకాలో నేర్పి ఇంటికి పంపడం అక్కడి పని.

నాది వేలూరు దగ్గర గుడియాత్తం. మా నాయన లుంగీలు నేసేవాడు. మా వీధిలో అన్ని ఇళ్ళలోనూ తెలుగే మాట్లాడతారు గానీ బళ్ళో చదివేది తమిళం. తెలుగు అక్షరాలొచ్చినవాళ్ళు వీధికి ఒకరుంటే గొప్ప. నాకు మా మేనత్త నేర్పింది. అరుగు మీద బీడీలు చుడుతూ, బీడీ ఆకు ముక్క మీద కత్తెర మొనతో ఒక్కో అక్షరం గీసి నా ఒళ్ళో వేసేది. చదివి చెప్తే ఆ ఆకుతోనే బీడీ చుట్టేసేది. అలా నేను చదివిన మొదటి పుస్తకమంతా పొగైపోయింది.

వార్డులో తెలుగు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. చిత్తూరు వైపు నుంచి ఎవరికైనా ఉత్తరమొస్తే నన్ను పిలిచేవారు. ఆ చదవడం నుంచి కథలు చదవడం మొదలైంది. నాలుగున్నరకు వ్యాయామాలైపోయేవి, ఆరున్నరకు భోజనం. ఆ మధ్యలో వరండాలో మంచాలు, చక్రాల కుర్చీలు గుండ్రంగా చేర్చి నేను చదివేవాణ్ణి. నా గొంతు బాగుంటుందని అందరూ అనేవారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నా తప్పుకు అది కూడా ఒక కారణం.

మేనత్త పోతూ నాకొక బైండు పుస్తకం వదిలిపోయింది. ఏదో వారపత్రికలో వచ్చిన సీరియల్‌ని వారం వారం చించి కుట్టించుకుంది. మొదటి పేజీలు ఊడిపోయాయి. కథ పేరేమిటో, రాసిందెవరో ఎవరికీ తెలియదు. కథ ఒక పహిల్వానుది. వీపుకి మట్టి అంటనివాడని వాడికి పేరు. ఆ పేరు తలకెక్కి, ఓడిపోయినవాడి మొహాన గుప్పెడు మట్టి కొట్టిగానీ గోదా దిగడు. వార్డులో అందరికీ వాడంటే పిచ్చి. వాడు ఏ పట్టు పట్టాడో, ఎలా తిప్పి వేశాడో నేను చదువుతుంటే, కాళ్ళు కదలనివాళ్ళు కూడా భుజాలు బిగించేవాళ్ళు.

అందరిలోకీ ఎక్కువ బిగించేవాడు మేస్త్రి. గుడియాత్తం నుంచి మోర్ధానా పోయే దారిలో వాళ్ళ పల్లె. నలభై ఏళ్ళుంటాయి. నల్లగా, రాతిబండలా ఉండేవాడు. తను కట్టిన పరంజా మీది నుంచే, తను వేసిన ముడే జారి పడ్డాడు. పరంజాను మా వైపు సారం అంటారు. "నా సారం మీద యాభైమంది ఎక్కి దిగినారు. ఒకడు జారలేదు. నేనే జారితి," అనేవాడు. ఆ మాటలో బాధ కంటే అవమానం ఎక్కువ వినిపించేది.

వార్డుకి పెద్ద, వ్యాయామాలు నేర్పే ఒకావిడ. తమిళావిడ. అందరం పెద్దావిడ అనేవాళ్ళం. చీర కొంగు నడుముకి దోపి, మగవాణ్ణి పసిపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తేది. మేస్త్రి చేరిన రోజే ఆవిడ అతని భార్యకు విషయం స్పష్టంగా చెప్పింది. కాళ్ళు రావు. కానీ చేతుల్లో బలం ఉంది. మూడు నెలల్లో మంచం మీది నుంచి కుర్చీలోకి తనంతట తాను మారడం నేర్చుకుంటే ఇంట్లో మనిషిలా తిరుగుతాడు. నేర్చుకోకపోతే జీవితాంతం ఇద్దరు ఎత్తాలి. నేను ఆ తమిళాన్ని తెలుగులో చెప్పనక్కర్లేకపోయింది. అతని భార్యకు రెండూ వచ్చు.

"ఇద్దరు యాడ ఉండారన్నా?" అంది నాతో. "ఇంట్లో నేనొకతే. దినానికి వెయ్యి బీడీ చుడితేనే పొయ్యి మండేది. ఈయన్ని ఎత్తతా కూచుంటే బీడీ ఎవురు చుడతారు?"

అదీ సంగతి. అతను కుర్చీలో కూర్చోవాలి. అంతే. వాళ్ళిద్దరి బతుకూ దాని మీదే ఉంది.

ఇక నా తప్పు. నేను పుస్తకాన్ని ముందుగా చదువుకునేవాణ్ణి కాదు. చిన్నప్పుడు మేనత్త సగం దాకా చదివించింది. తర్వాత ఏమైందో నాకూ తెలియదు. రోజుకో అధ్యాయం వాళ్ళతోపాటే చదువుకుంటూ పోయాను. ఒకరోజు, ఎవడి మొహాన మట్టి కొట్టాడో వాడి చేతిలోనే పహిల్వాను పడ్డాడు. నడుము విరిగింది. "వాడికి తన కాళ్ళు ఎవరివో అనిపించాయి," అని ఉంది పుస్తకంలో. ఆ వాక్యం చదివి తలెత్తితే వరండాలో ఒక్కరూ కదల్లేదు. మేస్త్రి మెల్లగా అడిగాడు.

"తర్వాతేమాయనప్పా?"

"రేపు," అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం గేటు బయట టీకొట్లో కూర్చుని మిగతాదంతా చదివేశాను. పధ్నాలుగు అధ్యాయాలు. పహిల్వాను మళ్ళీ నడవడు. మంచం మీద పడి తల్లిని తిడతాడు, కంచం విసురుతాడు, ఒంటి మీద ఈగలు వాలుతుంటాయి, శిష్యులు ఒక్కొక్కరే రావడం మానేస్తారు. అన్నీ నేను రోజూ వార్డులో చూసేవే. ఇవి వీళ్ళకు ఎలా చదవను అనుకున్నాను. జాలిపడ్డానని చెప్పుకోవచ్చు. కొంత నిజమే. మిగతా నిజం ఏమిటంటే, ముందు రోజు సాయంత్రం నాకు చప్పట్లు పడలేదు. ఈ పధ్నాలుగు అధ్యాయాలకూ పడవని తెలిసిపోయింది.

ఆ సాయంత్రం పుస్తకం తెరిచి, కళ్ళు అక్షరాల మీద ఉంచి, నోటికొచ్చింది చదివాను. పహిల్వాను పట్టుపట్టి ఒక మండలం, అంటే నలభై ఎనిమిది దినాలు, వెల్లకిలా కదలకుండా పడుకున్నాడన్నాను. ఎవరు లేపబోయినా "నన్ను కూర్చోబెట్టకండి, కూర్చున్నవాడు కూర్చునే పోతాడు" అన్నాడన్నాను. చూరు సందులోంచి సూర్యుణ్ణి చూస్తూ ఒక్కో నరాన్నీ పిలిచాడు. నలభై ఎనిమిదో దినం బొటనవేలు కదిలింది. లేచాడు, నడిచాడు, గోదాలో దిగి గెలిచాడు. ఈసారి మట్టి కొట్టలేదు, చెయ్యిచ్చి లేపాడు. ఆ చివరి ముక్క నాకే ఎంతో నచ్చింది.

చప్పట్లు కొట్టారు. ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు. మాలో ఒక ముసలి లారీ డ్రైవరుండేవాడు. ఏనాడో నడుము విరిగి, కుర్చీతోనే సంసారం చేస్తూ, చెకప్పుకని వచ్చి నెలల తరబడి మకాం వేసేవాడు. వాడొక్కడే చప్పట్లు కొట్టలేదు.

"ఏమప్పా, యాడన్నా పేజీలు అంటుకోని పోయినాయా?" అన్నాడు పుస్తకం వైపు చూస్తూ. "ఇంత లావు పుస్తకం, ఇంత బిన్నే అయిపాయనే!"

"మిగతాదంతా వేరే కథ మామా," అన్నాను.

నేను ఆ మాటంత సులువుగా జీవితంలో ఇంకేదీ అనలేదు.

మూడు రోజుల తర్వాత మేస్త్రి వ్యాయామానికి రాలేదు. తల తిరుగుతోందన్నాడు. మర్నాడు కడుపులో బాగాలేదన్నాడు. నేను పక్క మార్చడానికి పోతే నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు.

"ఈ పొద్దుకి రెండో దినం," అన్నాడు గుసగుసగా. "మండలం పట్టినా. ఎవురికీ చెప్పొద్దు. నువ్వు మా ఊరోడివని నీకొక్కనికే చెప్తా ఉండా."

అప్పుడే చెప్పాల్సింది. అన్నా, అది నేనల్లింది, అని ఒక్క ముక్క. నా నోట వచ్చింది "సరే అన్నా" అని. ఇంకా ఏడెనిమిది రోజుల్లో తనకే విసుగొస్తుంది, మానేస్తాడులే అనుకున్నాను. ఇంతలో ఒక ఉదయం అతని కాళ్ళు రెండూ ఎగిరిపడ్డాయి. మా వార్డులో అది మామూలే. దెబ్బ కింది నరాలు వాటంతట అవే అలా అదురుతాయి. మనిషి ప్రమేయం ఉండదు. అతనికి ఆ సంగతి పెద్దావిడ ముందే చెప్పింది. అయినా నన్ను చూసి అతను నవ్విన నవ్వు... "చూసినావా? పిలిస్తే పలకతా ఉండాయి!" అన్నాడు.

నేను అతన్ని పక్కకు తిప్పి దిండు పెట్టి వస్తే, నేనటు పోగానే ఆ రాతి భుజాలతో మళ్ళీ వెల్లకిలా తిరిగేవాడు. మొదటిసారి అది నాకు తెలియదు. రెండోసారి తెలిసింది. మూడోసారి చూసీ చూడనట్టు పోయాను.

పదకొండో రోజు పెద్దావిడ దుప్పటి తీసి చూసింది. వెన్ను కింద, తోకెముక మీద, అరచేయంత నలుపు. మధ్యలో చర్మం విచ్చుకుంది. ఆవిడ గొంతు పెంచలేదు. వెల్లకిలా పడుకోమని ఎవరు చెప్పారని తమిళంలో అడిగింది. మేస్త్రి గర్వంగా చెప్పాడు.

"బుక్‌లో ఉండాది మేడం. పహిల్వాను అట్లనే లేచినాడు."

ఆవిడ నా వైపు తిరిగింది. "అందులో అలా రాసుందా?"

ఆవిడకు తెలుగు చదవడం రాదు. ఆ వార్డులో, ఆ భవనంలో, ఎవరికీ రాదు.

"ఉంది," అన్నాను.

మొదటి అబద్ధం జాలితోనూ చప్పట్ల కోసమూ ఆడాను. రెండోది ఉద్యోగం కోసం ఆడాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా మొదటిదాన్ని నేను కొంత క్షమించగలను. రెండోదాన్ని క్షమించలేను. అతని పుండు చూస్తూ ఆడాను.

ఆదివారం మేస్త్రి భార్య గుడియాత్తం బస్సు దిగి వచ్చింది. పుండు సంగతి పెద్దావిడ అప్పటికే చెప్పింది. ఆమె ఏడవలేదు. నేరుగా నా దగ్గరికొచ్చి సంచీలోంచి ఒక పొట్లం తీసింది. పసుపు, కుంకుమ, రెండు చామంతులు.

"అన్నా, ఆ పుస్తకం ఒకసారి ఇయ్యి," అంది. "పుండు పడిందని ఈయన మధ్యలో మండలం ఇడిస్తే దోషం గదా. అందుకే పుస్తకానికి బొట్టు పెట్టి మొక్కుకుంటా. ఆయన లేస్తే మళ్ళీ వచ్చి టెంకాయ కొడతా."

పుస్తకం ఇచ్చాను. వరండా అరుగు మీద పెట్టి, అట్ట మీద పసుపు రాసి, బొట్టు పెట్టింది. తర్వాత తెరిచింది. తలకిందులుగా తెరిచింది. నేను సరిచేసి ఇచ్చాను. ఆమె నా ముఖంలోకి చూసింది.

"ఆ మాట యాడ ఉండాది?"

"ఏ మాటమ్మా?"

"ఆయన లేచినాడని ఉండాదే, ఆ మాట. నాకు సదివేది రాదు. నా యేలు దాని మీద పెట్టు. తాకి మొక్కుకుంటా."

చూపుడువేలు చాచింది. బీడీ ఆకు మరకతో ఆ వేలు గోధుమరంగుకి తిరిగింది. మా మేనత్త వేలు కూడా అలాగే ఉండేది. ఆ వేలిని ఏ వాక్యం మీద పెట్టినా ఆమె నమ్మేది. ఆమెకే కాదు, ఎవరికీ తెలిసేది కాదు. నేను ఆ వేలు పట్టుకున్నాను కూడా. పేజీ మీద అక్షరాలన్నీ కనిపిస్తున్నాయి. అక్కడ పహిల్వాను తల్లి వాడి ఒళ్ళు తుడుస్తోంది.

"అమ్మా," అన్నాను, "ఆ మాట ఇందులో లేదు."

ఆమెకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. అది నేను కల్పించి చదివానన్నాను. పుస్తకంలో పహిల్వాను లేవడన్నాను.

ఆమె వేలు వెనక్కి తీసుకుంది. కొంగుతో తుడుచుకుంది. నన్ను చూసి, ఒక్కటే అంది.

"ఇది నేను చెప్పను. నువ్వే పోయి ఆయనకు చెప్పు. నేను పక్కనే నిలబడతా."

చెప్పాను. అప్పటికే మేస్త్రిని బోర్లా పడుకోబెట్టారు. మొహం దిండు మీద పక్కకు ఉంది. అంతా విని కళ్ళు మూసుకున్నాడు.

"పో," అన్నాడు.

పక్క మంచం దగ్గర కుర్చీలో ఉన్న లారీ డ్రైవరు మాత్రం ఊరుకోలేదు. "పుస్తకంలో ఉండేది సదవరా అంటే, నీ కడుపులో ఉండేది సదివినావే! నీలాంటోడికి నా లారీ ఇచ్చుంటే మదరాసు పోరా అంటే మైసూరు పొయ్యుంటావు."

ఎవరూ నవ్వలేదు. అక్కడి నుంచి నేరుగా పెద్దావిడ గదికి పోయి అక్కడా చెప్పాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. ఆవిడ ఒక కాగితం తీసి మెమో రాసింది, సంతకం పెట్టించుకుని నకలు నాకిచ్చింది. చదవడం ఇక మానేస్తానన్నాను. అప్పుడు ఆవిడకు నిజంగా కోపమొచ్చింది.

"మానేసి తప్పించుకుందామనా? రేపటి నుంచి ఆ పుండుకి కట్టు కట్టేది నువ్వే. సాయంత్రం చదివేదీ నువ్వే. ఏముందో అది చదువు."

తోకెముక మీద పుండు పడినవాళ్ళకి మా దగ్గర ఒక బండి ఉండేది. బోర్లా పడుకునే చక్రాల బండి. ముందువైపు పెద్ద చక్రాలు. మనిషి దాని మీద బోర్లా పడుకుని చేతులతో నెట్టుకుంటూ తిరగొచ్చు. మేస్త్రి దాని మీద పడుకున్నాడేగానీ చక్రం ముట్టలేదు. నేను రోజుకు రెండుసార్లు కట్టు మార్చేవాణ్ణి. నా వైపు చూసేవాడు కాదు. మూడు సాయంత్రాలు వరండాలో మిగతావాళ్ళకి, తప్పొప్పుకుని, వదిలేసిన చోటి నుంచి చదివాను. తల్లిని తిట్టింది, కంచం విసిరింది, అన్నీ. మేస్త్రి బండి గోడ వైపు తిరిగి ఉండేది.

నాలుగో రోజు కట్టు కడుతుంటే గోడతో మాట్లాడుతున్నట్టు అన్నాడు.

"మద్దెలో రెండంతస్తులు ఇడిసిపెట్టి పైన సిలాబు పోస్తే నిలబడతాదా?"

నేను కట్టు చివర ముడి వేశాను.

"కింద ఏమీ లేకుండా వాణ్ణి తీసకపోయి ఒక్కసారిగా మంచోణ్ణి చేస్తివి. చెయ్యిచ్చి లేపినాడంట! మట్టి కొట్టేవాడు చెయ్యెందుకు ఇస్తాడప్పా? మద్దెలో వానికేమాయ? నాకప్పుడే తట్టాల్సింది." నేను లేవబోతుంటే, "సాయంత్రం నా పక్కన సదువు. వాడు పడిన కాడి నుంచి," అన్నాడు.

బోర్లా పడుకున్న మనిషికి పైనుంచి చదివితే వినిపించేది గొంతు మాత్రమే. మొహం కనిపించాలంటే నేలమీద కూర్చోవాలి. అందుకని బండి ముందు నేలమీద చతికిలబడి, తలెత్తి చదివేవాణ్ణి. అతను కిందికి చూస్తూ వినేవాడు. మా ఇద్దరి మధ్యా పసుపు రాసిన అట్ట. నా ఉద్యోగమంతటిలో నేను సరిగా చదివింది ఆ రోజుల్లోనే.

ఒకటి గమనించాను. నేను కల్పించింది విన్నప్పుడు చప్పట్లేగానీ ప్రశ్నలు లేవు. అసలు అధ్యాయాలు మొదలయ్యాక చప్పట్లు లేవుగానీ ప్రశ్నలు ఆగలేదు. వాణ్ణి పడేసినవాడు రోజూ చెంబుతో పాలు తెచ్చి గుమ్మంలో పెట్టి పోతుంటాడు. పహిల్వాను వాటిని తాగడు. "ఎందుకు తాగడు? తాగితే ఏమి?" అని ఒకడు. "తాగితే ఓడినట్టు గదా," అని ఇంకొకడు. దాని మీద గంట వాదన. "తెచ్చేవాని సంగతి ఆలోచించండ్రా. వానికి నిద్దర పట్టలే, అందుకే తెస్తా ఉండాడు," అన్నాడు లారీ డ్రైవరు, నా వైపు చూడకుండా.

ఆ పధ్నాలుగింటిలో తొమ్మిదో అధ్యాయంలో వాన. తల్లి ఊళ్ళో లేదు. గుడిసె కప్పు కారి పహిల్వాను మీదే పడుతుంటుంది. పిలిచినా ఎవరూ రారు. వాడు మంచం మీది నుంచి నేలమీదికి దొర్లి, మోచేతుల మీద పాక్కుంటూ పొడిగా ఉన్న మూలకు పోతాడు. అధ్యాయమంతా అంతే. ఒక మూల నుంచి ఇంకో మూలకు. చివర్లో, వీపంతా మట్టిగా, గోడకు చేరగిలబడి మొదటిసారి నవ్వుతాడు.

చదవడం అయ్యాక మేస్త్రి పుస్తకం వైపు చూశాడు.

"ఆ గుడిసె ఎన్నడుగులు?" అన్నాడు.

"రాయలేదన్నా."

"మంచం ఎత్తెంత?"

"అదీ రాయలేదు."

"రాసినాయనకు తెలీదు," అన్నాడు. "మంచం మీద నుంచి అట్ల దొర్లితే మొల కొట్టుకుంటాది. పుండు పడతాది. ముందు చేతులు నేలకానించి, ఒళ్ళు మెల్లగా దించాల. ఆయన మంచి రాతగాడే, కానీ ఎప్పుడూ పడలేదు." తర్వాత, "రేపు మళ్ళీ ఇదే సదువు," అన్నాడు.

మర్నాడు మళ్ళీ అదే చదివాను. ఆ మర్నాడు ఉదయం డ్యూటీకి వచ్చేసరికి అతని బండి చోటులో లేదు. వరండా ఈ చివర నుంచి ఆ చివరకు తనే నెట్టుకుంటూ తిరుగుతున్నాడు. నన్ను చూసి, "వాడు పోయింది ఒక మూలకే. నేను పదిసార్లు పోయినా," అన్నాడు. అదేదో పందెంలా ఉంది అతనికి. ఉండనీ అనుకున్నాను.

పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. నా చేతులతో కట్టాను, నా కళ్ళతో కొత్త చర్మం రావడం చూశాను. పెద్దావిడ పైవాళ్ళతో పోట్లాడి అతని మకాం పొడిగించింది. తర్వాత కుర్చీ. మంచానికీ కుర్చీకీ మధ్య నున్నటి చెక్కపలక వేసి, చేతుల మీద ఒళ్ళు లేపి జరగాలి. మొదటిరోజు పలక మీద సగంలో ఆగిపోయి బూతులు తిట్టాడు. పలకను, నన్ను, పహిల్వానుని, వాణ్ణి రాసినాయన్ని, వరసగా. పెద్దావిడకు తెలుగు బూతులు అర్థం కావు. "ఏమంటున్నాడు?" అని అడిగితే, "పాఠం గుర్తు తెచ్చుకుంటున్నాడు మేడం," అన్నాను. అది నా ఆఖరి అబద్ధం అనుకుంటాను.

ఒక ఆదివారం భార్య వచ్చేసరికి ఆమె కోసం మంచం మీదే కాచుకుని ఉన్నాడు. ఆమె సంచీ కింద పెట్టి దగ్గరికి రాబోతే చెయ్యెత్తి ఆపాడు.

"అక్కడే ఉండు. పట్టుకోవద్దు."

పలక వేసుకున్నాడు. కుర్చీ బ్రేకు చూసుకున్నాడు. రెండు చేతులూ ఆనించాడు. భుజాలు లేచాయి. ఒకటి, రెండు, మూడు జరుపులు. కుర్చీలో ఉన్నాడు. కాళ్ళను ఒక్కొక్కటే చేత్తో ఎత్తి కింద మెట్టు మీద పెట్టుకున్నాడు, ఇటుక పేర్చినంత సరిగ్గా. ఆమె వచ్చి కుర్చీ బ్రేకు బిగుతుగా ఉందో లేదో తాకి చూసింది. లారీ డ్రైవరు చప్పట్లు కొట్టాడు. ఆ వార్డులో వాడు చప్పట్లు కొట్టగా నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ ఏడాది చివర్లో ఊరికి పోయినప్పుడు వాళ్ళ పల్లెకు వెళ్ళాను. ఇంట్లో లేడు. గుమ్మంలో బీడీలు చుడుతున్న ఆమె గడ్డంతో వీధి చివరకు చూపించింది. అక్కడ ఎవరిదో గోడ లేస్తోంది. మూడు చక్రాల బండిలో కూర్చుని ఇద్దరు మేస్త్రీల మీద అరుస్తున్నాడు. చేతిలో తూకుగుండు. గోడ నిటారుగా ఉందో లేదో చూసే దారం, ఇనపగుండు.

"పనిస్తా ఉండారా అన్నా?" అన్నాను.

"ఇయ్యక?" అన్నాడు. "నిలబడి చూసేటోనికి పైవంకర కనబడతాది. పునాది కాడి వంకర కూచుని చూసేటోనికే కనబడేది. ఇన్నేండ్లు నాకే తెలీదు." తర్వాత తగ్గు గొంతుతో, "ముందు దినాల్లో నా కింద పనిచేసేటోళ్ళను చెప్పుతో కొట్టేవాణ్ణి. ఆ పహిల్వాను మట్టి కొట్టినట్ట. నీకు చెప్పలేదు," అన్నాడు.

ఇంకా చాలా ఏళ్ళు గడిచాయి. వార్డు హాల్లోకి కేబుల్ టీవీ వచ్చింది. నేను చదివేది తగ్గింది. మేస్త్రి మాత్రం నెలకోసారి బస్సెక్కి వచ్చేవాడు. కుర్చీని మడిచి బస్సు మీద వేయించుకుని, తను మెట్ల మీద చేతులానించి ఎక్కి. కొత్తగా పడినవాళ్ళతో మాట్లాడటానికి పెద్దావిడే పిలిపించేది.

నా ఉద్యోగంలో చివరి వారం, మందుల బల్ల తోసుకుంటూ వరండాలో పోతుంటే కిటికీలోంచి అతని గొంతు వినిపించింది. తాటిచెట్టు మీది నుంచి పడిన ఒక కుర్రవాడు బోర్లా బండి మీద ఉన్నాడు. మేస్త్రి అతని ముందు కుర్చీలో ముందుకు వంగి పహిల్వాను కథ చెప్తున్నాడు. చదవడం రాని మనిషి. నేను చదివిన వాక్యాలన్నీ ఒక్కటీ పొల్లుపోకుండా, వరసలో. కంచం విసరడం, పాల చెంబు, వాన. వాన దగ్గర మాత్రం మంచం ఎత్తు రెండడుగులనీ, ముందు చేతులు ఆనించాలనీ తను కలిపాడు. కలిపితే కలపనీ. నిలబడి విన్నాను.

"లేచి నడిచినాడా?" అన్నాడు కుర్రవాడు.

"నడవలే," అన్నాడు మేస్త్రి. "వాణ్ణి పడేసినోడు ఉండాడే, వాని తమ్మునికి పట్లు నేర్పించినాడు, మంచం మీద నుంచే. అది ఇంకా పెద్ద కథ. కానీ మద్దెలో ఇంకొకడు ఉండాడు. పహిల్వాను శిష్యుడు. వాడు వచ్చి, గురువా, నువ్వు లేస్తావు, కదలకుండా పడుకో అని అబద్ధం చెప్పినాడు. గురువుకు పుండు పడిపాయ."

అలాంటి శిష్యుడు ఆ పుస్తకంలో ఎక్కడా లేడు.

"అయ్యో! దొంగనాకొడుకు," అన్నాడు కుర్రవాడు.

"దొంగే," అన్నాడు మేస్త్రి. "కానీ వాడే వచ్చి తప్పు చెప్పుకోని, రెండు నెలలు ఆ పుండుకి కట్టు కట్టినాడు. అబద్ధాలకోరే గానీ..."

కిటికీ వైపు చూడలేదు. నేనక్కడ ఉన్నానని ఆయనకు తెలుసని మాత్రం నాకు తెలుసు.

"గొంతు మంచిదిలే వానిది," అన్నాడు.

పసుపు రాసిన ఆ పుస్తకం ఇప్పుడు నా బల్ల మీద ఉంది. వాన అధ్యాయం దగ్గర గుర్తుగా పెట్టిన కాగితం, పెద్దావిడ ఇచ్చిన ఆ మెమో.